ఐఐఎం ఇంటర్వ్యూకి ఏం వేసుకోవాలి? చీరా, చుడీదారా, కోటా?

పాలకొండరోడ్డు పిల్ల
నవంబరులో ఐఐఎం ఎంట్రన్స్ క్యాట్ రాశాను, క్యాప్ (కొత్త ఐఐఎంల ఉమ్మడి అడ్మిషన్) ఇంటర్వ్యూకి కాల్ వచ్చింది. సెంటర్ హైదరాబాద్. కొన్ని కొత్త ఐఐఎంలకి కలిపి ఈ ఒక్క ఇంటర్వ్యూయే లెక్క కాబట్టి భయంగా ఉంది. చీరా, చుడీదారా, ప్యాంటూ కోటా? బూట్లు కొనాలా, ఉన్న చెప్పులు చాలా? ఆమదాలవలసలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి రాత్రంతా ప్రయాణం చేశాక ఎక్కడ తయారవ్వాలి? మా అమ్మ తన పట్టుచీర తీసి పెట్టింది. దాన్ని ఎలా తప్పించుకోవాలో కూడా చెప్పండి.

గంటస్తంభం బుల్లోడు
కోటు మాత్రం వద్దు. నాకు కొలతలు తీసుకుని మరీ అద్దెకిచ్చాడు ఒక కొట్టువాడు, చెయ్యెత్తితే చంక పట్టేసేది. ద్రవ్యోల్బణం గురించి అడిగారు, నేను చొక్కా ఎంత తడిసిందా అని లెక్కేసుకుంటూ కూర్చున్నాను. "ఏసీ పెంచమంటారా" అని మేడమే అడిగింది.

నాగావళి గట్టు
ఇంటి పక్కన పొందూరు పెట్టుకుని కోటేంటి చెల్లీ? సన్న ఖాదీ చీర, మోచేతి దాకా జాకెట్టు. వాలుగ చేప దవడతో పత్తి ఏకి తీసిన నూలు, గాంధీగారు మెచ్చిన బట్ట. మీ జిల్లా గురించి చెప్పమంటే కొంగు చూపించి మొదలుపెట్టు, ఇంకో ప్రశ్నకి టైముండదు.

చీపురుపల్లి టైలరు
ఖాదీయా! ఒక్కసారి కూర్చుని లేస్తే వెనకాల ముడతలు. గంజి పెట్టినా ఆటో దిగేసరికి సరి. కత్తెర పట్టుకుని తల నెరిసినోణ్ణి చెప్తన్నాను, కాటన్‌లో కాస్త పాలిస్టర్ కలిసిన చుడీదారు కుట్టించు. ముప్పాతిక చేతులు, చున్నీకి భుజం దగ్గర పిన్ను. మరింకేటి కావాలి?

నాగావళి గట్టు
మీ చేతికొచ్చింది పొందూరు ఖాదీ అయ్యుండదు. ఆ పేరు చెప్పి మర నూలు అంటగట్టేవాళ్లు వీధికొకడున్నాడు. చేత్తో వడికి, చేత్తో నేస్తేనే ఖాదీ. పొందూరులో 100 కౌంటు నూలు వడుకుతారు, తెలుసా?

చీపురుపల్లి టైలరు
100 కౌంటు సన్నం కాబట్టే ఇంకా నలుగుతాది బాబూ. నా మాటే మీరూ అంటన్నారు.

బొబ్బిలి కోట
చీర సంగతేమో గాని కుర్రాళ్లు తెల్ల ఖాదీ చొక్కాలో వెళ్తే వార్డు మెంబరు నామినేషన్‌కి వచ్చాడనుకుంటారు 😂

నాగావళి గట్టు
మా తాతగారు మగ్గం మీద బతికారు. ఒక చీరకి సరిపడా నూలు వడకడానికి ఆ ఆడవాళ్లు ఎంతసేపు రాట్నం ముందు కూర్చుంటారో ఓసారి వచ్చి చూసి, తరవాత నవ్వండి.

బొబ్బిలి కోట
నేనన్నది చొక్కాని. మీ తాతగారిని మధ్యలోకి తెచ్చింది మీరు.

ప్యానెల్ మాస్టారు
అందరూ ఆగండి. నేను ఇంటర్వ్యూ బోర్డుల్లో కూర్చున్నవాణ్ణి. బట్టలు ఎవరూ చూడరు. అభ్యర్థి ఆత్మవిశ్వాసం గది గుమ్మంలోనే తెలిసిపోతుంది.

గంటస్తంభం బుల్లోడు
చూడకపోతే మా ఫ్రెండ్‌ని మెళ్లో రుద్రాక్ష ఎందుకు వేసుకున్నావని అంతసేపు ఎందుకు పీకారు సార్? ఇంతకీ మీది ఏ బోర్డు?

ప్యానెల్ మాస్టారు
అది బయటికి చెప్పకూడదు.

బొబ్బిలి కోట
కరెంటు బోర్డేమో.

అరసవల్లి అప్ప
ఓలమ్మ, ఆ గుంట అడిగిందేటి, మీరు కొట్టుకుంటన్నదేటి! చూడు తల్లీ, స్టేషన్ వెయిటింగ్ రూమ్‌లో బాత్రూం నేల ఎప్పుడూ తడే. అక్కడ చీర కడితే కుచ్చిళ్ల అంచు నానిపోతాది, ఇంటర్వ్యూ అయ్యేదాకా కాళ్లకి చుట్టుకుంటాది. చుడీదారైతే నిలబడే వేసీసుకోవచ్చు. మడత పెట్టకు, పాత నైటీలో చుట్టి బ్యాగులో అన్నిటికన్నా పైన పెట్టు. ఎవరు చెప్పినా చీరే కడతానంటే కుచ్చిళ్లు ఇంట్లోనే పెట్టీసి, పిన్నులు కొట్టి ఇస్త్రీ చేయించుకో. పట్టుచీర గురించి అమ్మకి చెప్పు, సీటొచ్చాక అరసవల్లి గుడికి అదే కట్టుకుంటానని. మరి మారు మాటాడదు.

పాలకొండరోడ్డు పిల్ల
అప్పా, మీ మాట పని చేసింది, పట్టుచీర బీరువాలోకి వెళ్లిపోయింది. నీలం చుడీదారు కుట్టించుకుంటున్నాను. చెప్పుల గురించి మాత్రం ఒక్కరూ నోరు విప్పలేదు.

చీపురుపల్లి టైలరు
చెప్పులు నా పని కాదు. నీలం మంచిదే, ముదురు నీలం తీసుకో. లేత రంగైతే చెమట మచ్చ కనపడతాది. తడిపి ఆరబెట్టాకే కుట్టించు, లేకపోతే మొదటి ఉతుకుకే పొట్టయిపోతాది.

అరసవల్లి అప్ప
కొత్త జోడు మాత్రం కొనకమ్మా, మడమ కొరికేస్తాది. ఉన్నవాటికే పాలిష్ కొట్టు.

సాలూరు కుర్రోడు
మధ్యలో వస్తున్నాను, ఏమనుకోవద్దు. మాది వేరే కాలేజీ, ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లోనే. పైన చొక్కా, కింద లుంగీ పరవాలేదా?

గంటస్తంభం బుల్లోడు
లుంగీ ఎవడికి కనపడుతుంది? ముందు వెనకాల గోడ మీదున్న హీరో పోస్టరు పీకెయ్.

ప్యానెల్ మాస్టారు
సర్టిఫికెట్ కెమెరాకి చూపించమంటే బీరువా దాకా లేవాలి. ప్యాంటు వేసుకో నాయనా.

బొబ్బిలి కోట
బట్టలు ఎవరూ చూడరన్నారు కద సార్?

నాగావళి గట్టు
ఆ లుంగీ మిల్లుదా, మగ్గానిదా?