మిద్దె మీద ఎకినేషియా (కోన్‌ఫ్లవర్ పూలమొక్క) ఎవరికైనా బతికిందా?

సైనిక్‌పురి_మిద్దె: విత్తనాలు తెప్పించాను. తేనెటీగలు, సీతాకోకచిలుకలు రావాలని. మన ఎండకి ఆగుతుందా? కుండీ ఎంత ఉండాలి? షేడ్ నెట్ కావాలా?

మియాపూర్_మట్టి: దాన్ని చంపేది ఎండ కాదండీ, ముసురు. మే నెలంతా బానే ఉంది, ఆగస్టులో మొదలు కుళ్ళి పోయింది. ఉత్త కోకోపీట్‌లో (కొబ్బరి పొట్టు) పెట్టకండి, ఎర్రమట్టిలో ఇసుక కలపండి.

విత్తనాల_పిచ్చి: ఏ రకమో చెప్పకుండా అడిగితే ఎలా? పర్పూరియా అయితే నేరుగా చల్లినా మొలుస్తుంది. పాలిడా, అంగుస్టిఫోలియా అయితే తడి ఇసుకలో కలిపి కొన్ని వారాలు ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే. ఇవన్నీ పెంచినవాడిగా చెప్తున్నా, ముద్దపూల రకం మాత్రం కొనకండి, తేనెటీగ మూతి పెట్టడానికి చోటుండదు.

తంగేడు_తమ్ముడు: అమెరికా గడ్డి మైదానాల మొక్క మనకెందుకు? తంగేడు పెట్టండి.

విత్తనాల_పిచ్చి: బతుకమ్మలో పేర్చే బంతి మెక్సికోది తమ్మీ. పచ్చిమిర్చీ అటునుంచే వచ్చింది. వాటిని వీసా అడిగావా?

తంగేడు_తమ్ముడు: వెటకారం వద్దు. తేనె తాగిపోవడానికి ఏ పువ్వైనా చాలు, మరి గుడ్లు ఎక్కడ పెట్టాలి? నిమ్మ సీతాకోక గొంగళి మీ ఎకినేషియా ఆకు ముట్టదు, దానికి నిమ్మో కరివేపాకో కావాలి.

బోడుప్పల్_వదిన: కరివేపాకు మాట ఎత్తకండి బాబూ! పిట్టరెట్టలా ఉండే పురుగులు చెట్టంతా బోడి చేశాయి, వేపనూనె కొట్టి పారేశా.

తంగేడు_తమ్ముడు: వదినా, అవే సీతాకోకలు!!

బోడుప్పల్_వదిన: అయితే పప్పు తాలింపులో ఏం వేసుకోను, సీతాకోకలా?

మియాపూర్_మట్టి: 😂 ఇంకో చెట్టు పెట్టి అది వాటికి వదిలేయండి. మా ఇంట్లో అంతే.

సైనిక్‌పురి_మిద్దె: కుండీ సంగతి...

విత్తనాల_పిచ్చి: లోతైనది. పాలిడా, అంగుస్టిఫోలియా అయితే తల్లివేరు కిందికి దిగుతుంది, మాటిమాటికీ పీకి మార్చకండి. పువ్వు ఎండాక కోయకండి, అమెరికాలో గోల్డ్‌ఫించ్ పిట్టలు ఆ గింజలు తింటాయి.

బోడుప్పల్_వదిన: ఇక్కడ పావురాలు మొలకనే పీకేస్తాయి. పై ఫ్లోర్ వాళ్ళు రోజూ జొన్నలు చల్లుతారు, అడిగితే పుణ్యం అంటారు. నెట్ కట్టించినవాళ్ళున్నారా? అడుగుకి ఎంత తీసుకున్నారు?

మియాపూర్_మట్టి: నెట్ కడితే తేనెపిట్టలు కూడా రావు వదినా. మొలకల మీద మాత్రం బుట్ట బోర్లించండి.