చర్చ: ఒక్క సీసా మందును ఇరవై కండ్లకు పంచి సూది వేయడం కరెక్టేనా?

ఓరుగల్లు_ఫార్మసీ
షుగర్‌తోని రెటీనా (కంటి వెనక తెర) వాచినోళ్లకు మన దగ్గర చాలా చోట్ల బెవాసిజుమాబ్ ఇస్తున్నరు. 2004ల పెద్దపేగు క్యాన్సర్‌కు అనుమతి వచ్చిన మందు అది. సీసాల 4 మి.లీ. ఉంటది, అంటే 100 మి.గ్రా. కంటికి పట్టేది 0.05 మి.లీ., అంటే 1.25 మి.గ్రా. మాత్రమే. మిగిలిందాన్ని సిరంజిలకు ఎక్కించి మరో ఇరవై మందికి వేస్తున్నరు. దాంట్ల క్రిములు పెరగకుండ ఆపే ప్రిజర్వేటివ్ ఉండదు. రబ్బరు మూతకు గుచ్చేటప్పుడు ఒక్క క్రిమి లోపలికి పోయినా ఆ సిరంజిలన్నీ ఖరాబైనట్టే. ఒక్కరికే వాడేటట్టు వచ్చే రానిబిజుమాబ్, అఫ్లిబర్సెప్ట్ అనే కంటి మందులు ఉండంగ ఈ పంపకం ఎందుకు?

రెటీనా_హన్మకొండ
ఫార్మసీ సార్, ఈ మందు పనిచేస్తుందా అన్నది 2011లోనే తేలింది. వయసుతో వచ్చే తడి మాక్యులా (రెటీనా నడిమి భాగం) జబ్బు మీద జరిగిన క్యాట్ ట్రయల్‌లో నెలనెలా ఇచ్చిన బెవాసిజుమాబ్ రానిబిజుమాబ్‌తో సమానంగా నిలిచింది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని కంటి కోసమే తన ఆవశ్యక మందుల జాబితాలో చేర్చింది. షుగర్ వాపు సంగతి 2015లో ప్రోటోకాల్ టి అనే ట్రయల్ చెప్పింది: చూపు 6/15 (మామూలు చూపు 6/6) లేదా అంతకన్నా తక్కువగా ఉన్నవాళ్లకు మొదటి ఏడాది అఫ్లిబర్సెప్ట్ మెరుగు, చూపు అంతగా తగ్గనివాళ్లకు మూడూ ఒకటే.

అందరూ వదిలేసే సంగతి ఒకటుంది. ఆ మొదటి ఏడాదిలో ట్రయల్‌లోని పేషెంట్లకు తొమ్మిది పది సూదులు పడ్డాయి. మన దగ్గర ఖర్చు భరించలేక రెండో సూదికే ఆపేస్తున్నారు. వాపు మళ్లీ వస్తుంది, ఈసారి మచ్చ మిగులుతుంది. ఖరీదైన మందు రెండు డోసులు వేయించుకుని మానేసిన కంటికంటే చౌక మందు ఎనిమిది డోసులు పడ్డ కన్నే బాగుంటుంది.

ములుగు_రోడ్
మా పక్కింటి పెద్దాయనకు సూది వేసినంక తెల్లగుడ్డు మొత్తం ఎర్రగైంది. ఇదేనా మీరనే ఇన్ఫెక్షన్?

ఓటీ_సిస్టర్_కాజీపేట
నొప్పి లేకుండ ఎర్రమచ్చ ఒక్కటే ఉంటే గుచ్చిన కాడ చిన్న రక్తనాళం చిట్లినట్టు, అన్నా. వారం, రెండు వారాలల్ల అదే పోతది. చూపుల నల్లటి గుండ్రటి చుక్క తేలుతుంటే గాలి బుడగ, ఒకట్రెండు రోజులల్ల కరుగుతది. రెండు నుంచి ఐదు రోజుల మధ్యల నొప్పి పెరిగి, వెలుతురు చూడలేక, చూపు మసకవుతుంటే మాత్రం తెల్లారేదాక ఆగొద్దు. కంట్లకెళ్లి శాంపిల్ తీసి వాంకోమైసిన్ 1 మి.గ్రా., సెఫ్టాజిడిమ్ 2.25 మి.గ్రా. అనే యాంటీబయాటిక్‌లు కంట్లకే ఇస్తరు. మెడికల్ షాపు చుక్కలతోని ఆగే జబ్బు కాదది.

ఓరుగల్లు_ఫార్మసీ
డాక్టర్ సాబ్, మందు పనిచేస్తదా అని నేను అడగలేదు. పంచుడు గురించి అడిగిన. 2016 జనవరిల గుజరాత్‌ల ఈ సూది తర్వాత కండ్లు వాస్తే డీసీజీఐ (దేశంల మందుల మీద అజమాయిషీ చేసే అధికారి) దీన్ని వాడొద్దని హెచ్చరించింది. 2023 సెప్టెంబర్‌ల పాకిస్థాన్ పంజాబ్‌ల పంచిన సిరంజిలతోనే ఎంతోమంది చూపు పోయింది. మీరు చెప్పే క్యాట్‌ల మందును ప్రత్యేకంగ గాజు సీసాలల్ల నింపి పంపిన్రు. ఇక్కడ ఎవరు, ఏ గదిల నింపుతున్నరు?

రెటీనా_హన్మకొండ
2016 మార్చిలోనే డీసీజీఐ హెచ్చరికను వెనక్కి తీసుకున్నారు, అది కూడా రాయండి. పంచడానికి పద్ధతి ఉంది. లామినార్ ఫ్లో (వడగట్టిన శుభ్రమైన గాలి వీచే చోటు) కింద, మూతకు ఒక్కసారే గుచ్చి, సిరంజిలన్నీ ఒకే విడతలో నింపాలి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య, వెలుతురు తగలకుండా ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. ఒక సిరంజిని కల్చర్‌కు, అంటే క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్షకు పంపాలి.

ఒక్కరి సీసా అయితే ఇన్ఫెక్షన్ రాదనుకోవడం కూడా తప్పే. మందు ఏదైనా రెండు మూడు వేల సూదులకు ఒకటి వస్తుంది. చాలాసార్లు ఆ క్రిమి పేషెంటు రెప్పల నుంచో, సూది మీద మాట్లాడినవాళ్ల నోటి నుంచో వచ్చినదే. క్రిములను చంపే 5 శాతం పొవిడోన్ అయోడిన్ చుక్కలు వేసి, అవి పనిచేసేదాకా ఆగకుండా తొందరపడితే ఎంత ఖరీదైన సీసా అయినా కాపాడదు.

జనగామ_తమ్ముడు
ఒక్క సీసా మీద ఆసుపత్రికి ఎంత మిగులుతదో అది చెప్పున్రి ముందుగాల.

రెటీనా_హన్మకొండ
లాభం మాట ఎత్తితే కంపెనీలది కూడా ఎత్తాలి. చౌక మందు మీద భయం పెరిగితే ఎవరి సరుకు అమ్ముడుపోతుందో ఫార్మసీ సార్‌కు నాకంటే బాగా తెలుసు.

ఓరుగల్లు_ఫార్మసీ
నన్ను కంపెనీ మనిషిని చేయకున్రి. చౌక మందు ఇయ్యున్రి, నేను అడ్డం రాను. కానీ డిశ్చార్జి కార్డుల ఏం రాస్తున్నరు? "కుడి కంటికి ఇంజెక్షన్ ఇవ్వబడింది." మందు పేరు లేదు, బ్యాచ్ లేదు. ఆ మనిషి రేపు హైదరాబాద్ పోతే, ఏ మందుకు వాపు తగ్గలేదో, ఏది మార్చాల్నో అక్కడి డాక్టర్‌కు ఎట్ల తెలుస్తది? ఒకే పూట నలుగురికి కండ్లు వాస్తే ఏ సీసా అని పట్టుకునేదెట్ల? ఇది క్యాన్సర్ మందు, కంటికి లేబుల్ మీద అనుమతి లేదు అని పేషెంటుకు ఎవరన్న చెప్తున్నరా?

రెటీనా_హన్మకొండ
చెప్పను. దాపరికం లేకుండానే అంటున్నాను. "క్యాన్సర్" అన్న మాట వింటే పెద్దవాళ్లు కుర్చీలోంచి లేచి వెళ్లిపోతారు. ఆ తర్వాత ఆకు పసరు, తెలిసినవాళ్ల చుక్కలు. మూడు నెలలకు తిరిగొచ్చేసరికి ఓసీటీ స్కాన్‌లో రెటీనా మధ్య పొర చెదిరిపోయి ఉంటుంది, అప్పుడు ఏ మందూ చూపు తేలేదు. నాకు ముఖ్యం ఆ సూది పడటం.

ఓరుగల్లు_ఫార్మసీ
అసలు పంచాయితీ ఇదే డాక్టర్ సాబ్, సీసాది కాదు. భయపడతడని చెప్పకుంటే, ఆయన ఒప్పుకున్నది దేనికి?

ఓటీ_సిస్టర్_కాజీపేట
చెప్పే తీరుల చెప్తే లేచిపోరు సార్. "ఈ మందు పేగు క్యాన్సర్‌ల కొత్త రక్తనాళాలు పెరగకుండ ఆపుతది. మీ కంట్ల షుగర్‌తోని నాళాలు కారి వాపు తెస్తున్నయి, ఆ కారుడును కూడ ఇది తగ్గిస్తది, అందుకే చిటికెడు ఇస్తున్నం" అంటే తలూపుతరు. ఎనుకట గుండెపోటు, పక్షవాతం వచ్చిందా అని అప్పుడే అడగాలె.

సీసా మీది స్టిక్కర్ ఒక్కటే వస్తది కాబట్టి, పంచిన ప్రతి సిరంజికి చేత్తోనే మందు పేరు, బ్యాచ్, నింపిన టైము రాసి, కార్డు మీద కూడ అదే ఎక్కియ్యాలె. రెండు కండ్లకు ఒకే రోజు వేస్తే వేర్వేరు బ్యాచ్‌లు తీయాలె. గుచ్చే కొలత కూడ కార్డు చూసే చెప్తం. మోతిబిందు ఆపరేషన్ అయిన కంటికి నల్లగుడ్డు అంచు నుంచి 3.5 మి.మీ., కానోళ్లకు 4.

రెటీనా_హన్మకొండ
బ్యాచ్ రాయడం వరకు ఒప్పుకుంటాను సిస్టర్, రాయాల్సిందే. క్యాన్సర్ మాట మాత్రం మొదటి రోజే ఎత్తను.

ఓరుగల్లు_ఫార్మసీ
సంతకం మొదటి రోజే కదా సార్ తీసుకునేది.