ఒక్క కీ జారితే పలకలన్నీ మార్చాలా?

నల్లగొండ అభ్యాసకుడు: మా అమ్మాయి నేర్చుకుంటున్న ఎనిమిది తీగల మాండొలిన్‌లో ‘ఎ’ స్వరానికి శ్రుతి చేసే జతలోని ఒక తీగ ఎంత శ్రుతి చేసినా నిలవడం లేదు. ట్యూనింగ్ కీలు నాలుగేసి చొప్పున రెండు పలకలకు బిగించి ఉన్నాయి. ఒక్క కీ కోసం రెండూ మార్చాలా, బాగు చేయించుకుంటే సరిపోతుందా? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

పాలమూరు వాద్యకారుడు: మార్చడమే మేలండీ. విడి కీ మన జిల్లాల్లో దొరకడం కష్టం. పలుచటి రేకుతో చేసిన చవక కీలలో చక్రం పళ్లు ఒకసారి అరిగాక ఎంత బిగించినా ప్రయోజనం ఉండదు. కీ పిడిని 14 నుంచి 18 సార్లు తిప్పితే తీగ చుట్టే కడ్డీ ఒక్కసారి తిరిగే మంచి కీలు వేయిస్తే, జత తీగలను ఒకే స్వరానికి తేవడం పిల్లలకూ సులువవుతుంది.

సూర్యాపేట మరమ్మతుదారు: దోషం కీదేనని ఇంకా తేలలేదు కదండీ. మాండొలిన్ శ్రీనివాస్ గారి ఎలక్ట్రిక్ వాద్యంలో తీగలు ఒంటివి, కానీ మీ అమ్మాయి వాద్యంలో అవి జతలు కనుక రవ్వంత తేడా వచ్చినా స్వరం అలలు అలలుగా వినిపిస్తుంది, అప్పుడు అందరూ మొదట కీనే అనుమానిస్తారు. పిడి తిప్పుతుంటే స్వరం కదలకుండా ఉండి, ‘టిక్’మని ఒక్కసారిగా ఎగిరితే తీగ నట్ (వాద్యం మెడ పైచివర తీగలు ఆనే గాళ్ల పట్టీ) గాడిలో ఇరుక్కుంటోందని అర్థం, ఆ గాడిలో పెన్సిల్ ముక్కు రుద్ది చూడండి. తీగ కొత్తదైతే కొంత సాగుతుంది, కడ్డీకి వదులుగా చుట్టినా జారుతుంది. శ్రుతిని ఎప్పుడూ కింది నుంచి పైకి తెచ్చి ఆపాలి, పైనుంచి దించి ఆపితే పళ్ల మధ్య సందు మిగిలి తర్వాత స్వరం దిగుతుంది.

ఇవన్నీ చూశాక కూడా జారితే పళ్లచక్రం నడుమ ఉన్న మరను బిగించి, పళ్లపై ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె వేసి, కలప మీద పడినదాన్ని వెంటనే తుడవండి. పిడి మాత్రమే పగిలితే పిడినే మార్చవచ్చు. పళ్లు అరిగినా, కడ్డీ వంగినా పాలమూరు వారన్నట్టు మార్చక తప్పదు.

పాలమూరు వాద్యకారుడు: నట్ సంగతి ఒప్పుకుంటాను. అయితే చవక పలకపై ఒక కీ అరిగిందంటే మిగతా మూడూ అంతే వయసువి. వాటిని ఒక్కొక్కటిగా బాగు చేస్తూ పిల్ల అభ్యాసాన్ని ఆపడం నాకు సమ్మతం కాదు.

సూర్యాపేట మరమ్మతుదారు: అలా అయితే మార్చండి, కానీ కొనేముందు కడ్డీల మధ్య దూరం కొలవండి. నేడు ఎక్కువగా దొరికేవి సుమారు 23 మిల్లీమీటర్లవి, పాత వాద్యాలకు అవి సరిపోకపోవచ్చు. పళ్లచక్రానికి ఏ పక్క మరకడ్డీ (పిడితో పాటు తిరిగి చక్రాన్ని కదిపే మరచుట్ల కడ్డీ) ఉందో కూడా సరిచూడండి, అది తారుమారైతే తీగ లాగుడుకు చక్రం మరకడ్డీకి దూరంగా జరుగుతుంది. పలక విప్పేముందు తీగలన్నీ వదులు చేయాలి. వదులైన మరరంధ్రాల్లో సన్నని పుల్ల జిగురుతో నింపితే చాలు, కొత్త పలక పట్టలేదని వాద్యం తలపై కొత్త రంధ్రాలు తొలిపించకండి. సరైన కొలత పలక దొరికేదాకా పాతదాన్నే బిగించి వాయించుకోవచ్చు.