రైనోకోరిస్ అసాసిన్ బగ్స్: పొట్ట అంచు రంగు కాక దేన్ని నమ్మాలి?

పలాస వైపు జీడితోటల్లో, టీ దోమ (రసం పీల్చే ఒక నల్లి) ఆశించిన చిగుళ్ల మీద పట్టిన రైనోకోరిస్ (ఇతర పురుగులను వేటాడి తినే నల్లులు) నమూనాలను జాతులవారీగా విడదీయాలి. ఫ్యూసిపెస్ అనే జాతితో పేచీ లేదు, చిన్నది, ఎరుపు నలుపు కలిసి ఉంటుంది. తిప్పలన్నీ మార్జినేటస్, కుమారి జాతుల దగ్గరే. మార్జినేటస్ ఒక్కదానిలోనే కనెక్సివం, అంటే రెక్కల పక్కన బయటికి కనిపించే పొట్ట అంచు, పూర్తి ఎరుపు, పూర్తి నలుపు, ఎరుపు మీద నల్లపట్టీలు అని మూడు రకాలు. పైగా కుబుసం విడిచిన కొత్తలో ఒళ్లంతా ఎర్రగా ఉండి తర్వాతే నల్లబడతాయి. కాబట్టి రంగు పట్టికలు నా లెక్కలో పనికిరావు.

మగవాటి పైగోఫోర్‌ను, అంటే పొట్ట చివర జననాంగాలు ఉండే ఖండాన్ని, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో గోరువెచ్చగా ఉంచి, నీళ్లతో కడిగి గ్లిజరిన్‌లో చూస్తున్నాను. ఎక్కువసేపు ఉంచితే అంతా పారదర్శకమై పారామియర్ (జతకట్టేటప్పుడు ఆడదాన్ని పట్టుకునే కొక్కెం లాంటి భాగం) కొస ఆకారం తెలియడం లేదు.

తెలిసినవారు చెప్పండి: పైగోఫోర్ మధ్య ముల్లు ఆకారం నమ్మదగినదా, పారామియర్లా? ఆడవాటికి ముక్కు మొదటి, రెండో ఖండాల నిష్పత్తి సరిపోతుందా? ఫొటోలు ఏ కోణంలో కావాలి? ఆల్కహాల్‌లో రంగు వెలుస్తుందని కొన్నింటిని పిన్ చేసి ఎండబెట్టాను, అవీ ఉన్నాయి.