అప్‌డేట్: తేనెటీగలు గుంపుగా లేచిపోకుండా ఆగాయి
గుంపుగా లేచిపోయే ముందు తేనెటీగలు కట్టే రాణి గదులను (కొత్త రాణి పెరిగే గదులు) ఎన్నిసార్లు తుంచినా మళ్లీ కడుతున్నాయి, ఏం చేయాలని ఇంతకుముందు అడిగింది నేనే. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పెట్టెలోని తేనెటీగలను రెండు పెట్టెలుగా విడదీయమన్న సలహాయే పనిచేసింది. పాత రాణిని గుడ్లు, పిల్ల పురుగులు ఉన్న మూడు ఫ్రేములతో (తేనెపట్టు కట్టిన చట్రాలు), బోలెడు తేనెటీగలతో కొత్త పెట్టెలోకి మార్చాను. ఆమెను వెతకడానికే గంట పట్టింది, అంతసేపూ టెన్షనే! పాత పెట్టెలో లార్వా కనిపిస్తున్న, మూతపడని రాణి గది ఒక్కటే ఉంచాను. అక్కడ ఇంకా గుడ్లున్నాయి, వాటితో మళ్లీ రాణులను పెంచగలవు కాబట్టి వారం తర్వాత కొత్తగా కట్టిన రాణి గదులనూ తీసేశాను. ఇది మరిచిపోతే పడిన శ్రమంతా వృథా. తర్వాత మూడు వారాలు ముట్టుకోలేదు. నిన్న తెరిస్తే కొత్త రాణి గుడ్లు పెడుతోంది.

పెట్టెను నీడకు మార్చడం వల్ల తేడా ఏమీ రాలేదు. పైన ఖాళీ సూపర్ (తేనె నిల్వకు పెట్టే అదనపు పెట్టె) పెట్టడం మంచిదే, కానీ రాణి గదులు కట్టేశాక ఆలస్యమైనట్టే.