పగటిపూట పదే పదే తెగిపోతున్న ఫైబర్ ఇంటర్నెట్: లోపం ఎక్కడ ఉన్నట్టు?

లెక్కల టీచర్, అనంతపురం
జూలై 7, రాత్రి 9.20

అందరికీ నమస్కారం. మేము అనంతపురం సాయినగర్‌లో ఒక మేడ మీది భాగంలో అద్దెకు ఉంటున్నాము. ఏడాదిన్నర క్రితం మా వీధి కేబుల్ ఆపరేటరు ద్వారా ఫైబర్ కనెక్షన్ పెట్టించుకున్నాము. మొన్నటి వేసవి వరకు ఏ ఇబ్బందీ రాలేదు. జూన్ రెండో వారం నుంచి మాత్రం ఉదయం పది, పదకొండు గంటల వేళ మొదలై సాయంత్రం ఆరింటి దాకా రోజుకు పది పదిహేనుసార్లు ఇంటర్నెట్ ఆగిపోతోంది. ఆగిన ప్రతిసారీ ఒకటి రెండు నిమిషాల్లో దానంతట అదే తిరిగి వస్తుంది. రాత్రి తొమ్మిది దాటిన తరువాత తెల్లవారే వరకు ఒక్కసారి కూడా ఆగదు.

మా అమ్మాయి బెంగళూరులోని ఒక సంస్థకు ఇంటి నుంచే పని చేస్తోంది. ఉద్యోగంలో చేరి మూడు నెలలే అయింది. సమావేశం మధ్యలో మాట తెగిపోయి, మళ్లీ వచ్చి క్షమాపణ చెప్పుకోవడం రోజుకు నాలుగైదుసార్లు జరుగుతుంటే ఆ పిల్ల ముఖం చూడలేకపోతున్నాను.

మూడుసార్లు ఫిర్యాదు చేశాము. వచ్చిన కుర్రవాడు ప్రతిసారీ రాత్రి ఏడు తరువాతే వచ్చాడు. ఆ వేళకు అంతా సవ్యంగానే ఉంటుంది. రౌటరు బలహీనంగా ఉందన్నాడు. రూ. 2,400 పెట్టి కొత్త వైఫై రౌటరు కొని, ఆపరేటరు ఇచ్చిన ఫైబర్ పెట్టెకు తగిలించాము. మార్పు లేదు. ఇప్పుడు ఇంకా ఎక్కువ వేగం ఉన్న ప్లానుకు మారమంటున్నారు. మారితే ఫలితం ఉంటుందా? డబ్బు పెట్టే ముందు మేము స్వయంగా పరీక్షించి చూడగలిగినది ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి.

ల్యాబ్ నిర్వహణ, కర్నూలు
జూలై 7, రాత్రి 10.45

నమస్కారమండీ. ప్లాను మార్చవద్దు. ప్లాను పెంచితే కనెక్షను ఉన్నంతసేపు వేగం పెరుగుతుంది. అదే తీగ మీద అదే పెట్టెకు వచ్చే కనెక్షను తెగడం మాత్రం దానివల్ల ఆగదు.

మీరు రాసినదానిలో అన్నిటికన్నా విలువైన సంగతి సమయం. రాత్రి తెగనిది పగలు తెగుతోందంటే, పగలు ఉండి రాత్రి లేనిదేదో దానికి కారణమై ఉండాలి. అది ఎండ కావచ్చు, గాలి కావచ్చు, కరెంటు హెచ్చుతగ్గులు కావచ్చు. ఊహించడం కన్నా, తెగిన ఆ ఒకటి రెండు నిమిషాల్లోనే ఏం తెగిందో చూడడం మంచిది. ఫోనులో వైఫై గుర్తే మాయమైతే లోపం ఇంట్లోని వైఫైది. చుట్టుపక్కల ఇళ్ల రౌటర్లన్నీ వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల పట్టీలో ఒకే ఛానెల్‌పై పని చేస్తుంటే అలా జరగవచ్చు. ఆ పట్టీలో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే. వైఫై గుర్తు అలాగే ఉండి ఇంటర్నెట్ మాత్రమే పోతుంటే, వెంటనే వెళ్లి ఫైబర్ పెట్టె మీది దీపాలు చూడండి. ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలుగుతున్నా, మిణుకుతున్నా, తీగ ద్వారా రావలసిన వెలుతురు మీ ఇంటికి చేరడం లేదని అర్థం. అప్పుడు ఎంత ఖరీదైన రౌటరు కొన్నా లాభం లేదు. దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయి మళ్లీ వెలిగితే అది కరెంటుకు గానీ, అడాప్టరుకు గానీ సంబంధించినది. దీపాలన్నీ పచ్చగా నిలకడగా ఉండి కూడా నెట్ లేకపోతే ఆపరేటరు వైపు లాగిన్ వ్యవస్థను అనుమానించాలి.

ల్యాప్‌టాప్‌ను ల్యాన్ తీగతో నేరుగా ఫైబర్ పెట్టెకు కలిపి, దాని పేజీ తెరవండి. ఆ పేజీ చిరునామా, లాగిన్ వివరాలు సాధారణంగా పెట్టె వెనుక చీటీ మీద ఉంటాయి. చాలా పెట్టెలకు చిరునామా 192.168.1.1. అందులో ఆప్టికల్ సమాచారం అనే చోట పెట్టెకు అందుతున్న వెలుతురు బలం డీబీఎం అనే కొలమానంలో కనిపిస్తుంది. మైనస్ పక్కన అంకె పెద్దదైన కొద్దీ వెలుతురు తక్కువని అర్థం. తెల్లవారుజామున ఒకసారి, తెగుతున్న వేళల్లో కొన్నిసార్లు ఆ అంకెను రాసి పెట్టండి. పెట్టె ఎంతసేపటి నుంచి ఆగకుండా నడుస్తోందో చూపే అప్‌టైమ్‌ను కూడా గమనించండి. మీరు లెక్కల టీచరు కనుక ఈ పట్టిక రాయడం మాకన్నా మీకే బాగా వస్తుంది.

కడప వాసి
జూలై 8, ఉదయం 6.30

మా ఇంట్లోనూ అచ్చం ఇలాగే పగటిపూట ఆగిపోయేది. చివరికి అడాప్టరు లోపమని తేలింది. కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునే క్షణంలో పెట్టె ఆరిపోయి మళ్లీ మొదలయ్యేది. అదే వోల్టేజి, అంతే ఆంపియర్లు గల కొత్త అడాప్టరు పెట్టాక ఇబ్బంది తీరింది. పెట్టె మీద 12 వోల్టులని ఉంటే 12 వోల్టులదే కొనాలి, ఆంపియర్లు తక్కువ ఉన్నది పెట్టకూడదు. అప్‌టైమ్ ప్రతిసారీ సున్నా నుంచి మొదలవుతుంటే మీరు ముందుగా దీన్నే చూడండి.

లెక్కల టీచర్, అనంతపురం
జూలై 12, రాత్రి 8.50

ఇద్దరికీ కృతజ్ఞతలు. నాలుగు రోజులు వరుసగా రాసి పెట్టాము. నేను బడికి వెళ్లిన వేళల్లో అమ్మాయి రాసింది.

తెగినప్పుడు వైఫై గుర్తు పోవడం లేదు. ఎల్‌ఓఎస్ దీపం ఎర్రగా మిణుకుతోంది. అప్‌టైమ్ నాలుగు రోజులుగా ఆగకుండా పెరుగుతూనే ఉంది కనుక కడప వారు చెప్పిన అడాప్టరు లోపం మా ఇంట్లో లేదనుకుంటున్నాను. వెలుతురు బలం ఉదయం ఆరింటికి ప్రతిరోజూ −22.1 దగ్గరే ఉంది. మధ్యాహ్నం మాత్రం −24 నుంచి −28 వరకు ఊగుతోంది; పేజీని తాజా చేసిన ప్రతిసారీ వేరే అంకె కనిపిస్తోంది.

ఇంకొక సంగతి కూడా గమనించాను. శుక్రవారం ఎండ తీవ్రంగా ఉన్నా గాలి లేదు. ఆ రోజు రెండుసార్లే తెగింది. శనివారం మబ్బు పట్టి చల్లగా ఉంది గానీ గాలి విపరీతంగా వీచింది. ఆ రోజు 19 సార్లు తెగింది. ఒక్క రెండు రోజులను బట్టి నిర్ధారణకు రావడం సరి కాదని తెలుసు. అయినా నా అనుమానం ఎండ మీద నుంచి గాలి మీదికి మళ్లింది.

స్ప్లైసింగ్ పని, అనంతపురం
జూలై 12, రాత్రి 11.05

అమ్మా, నేను తొమ్మిదేళ్లుగా ఈ జిల్లాలో ఫైబర్ జాయింట్ల పని చేస్తున్నాను. మీ అనుమానం సరైనదే. మీరు రాసిన అంకెల్లో నేను చూసేది −28 ఎంత తక్కువన్నది కాదు, అది ఊగుతోందన్నది. కనెక్టరు మీద దుమ్ము ఉన్నా, ఒకే తీగను ఎక్కువ ఇళ్లకు చీల్చినా వెలుతురు తక్కువగా ఉంటుంది కానీ నిలకడగా తక్కువగా ఉంటుంది. ఉదయం ఒక అంకె, గాలికి మరొక అంకె వస్తున్నదంటే తీగ ఎక్కడో మడత పడి, కదిలినప్పుడల్లా ఆ మడత బిగుస్తోందని అర్థం.

డీబీఎం లెక్కలో మూడు అంకెలు తగ్గితే వెలుతురు సగమవుతుంది. −22 నుంచి −28కి దిగిందంటే ఇంటికి నాలుగో వంతే అందుతున్నట్టు. ఇళ్లలో పెట్టే పెట్టెలు చాలావాటికి −27 దాకానే భరోసా ఉంటుంది. అది దాటితే ఎర్రదీపం వెలుగుతుంది. గాలి తాకిడి అర క్షణమే కావచ్చు. కానీ ఒకసారి వెలుతురు తెగితే పెట్టె మళ్లీ ఆపరేటరు యంత్రం దగ్గర నమోదై, లాగిన్ అయి, అంతా మొదటి నుంచి మొదలుపెట్టాలి. మీకు ఒకటి రెండు నిమిషాలు పట్టేది అందుకే.

గాజు పోగు లోపల వెలుతురు గోడలకు తగిలి లోపలికే మళ్లుతూ ప్రయాణిస్తుంది. వంపు మరీ ఇరుకైతే ఆ చోట కొంత వెలుతురు బయటికి జారిపోతుంది. పాత రకం పోగును 30 మిల్లీమీటర్ల వ్యాసార్థం కన్నా ఇరుకుగా వంచకూడదు. వంపును తట్టుకునే కొత్త రకాలు 10 మిల్లీమీటర్ల దాకా, ఇంకా మెరుగైనవి 7.5 దాకా ఓర్చుకుంటాయి. మేకుకు చుట్టి ముడి వేస్తే మాత్రం ఏ రకమూ ఓర్చుకోదు.

మన ఊరి గాలి సంగతి మీకు చెప్పనక్కరలేదు. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల దగ్గర వాన కురిపించి, మన మీదికి వట్టి గాలిగా వస్తాయి. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఆ గాలిని చూసే. జూన్ నుంచి ఆగస్టు దాకా స్తంభం నుంచి ఇంటికి వేలాడే తీగలు రోజంతా ఊగుతూనే ఉంటాయి. ఆ తీగలో గాజు పోగు పక్కనే బరువు మోయడానికి ఒక ఉక్కు తీగ ఉంటుంది. దాన్ని విడదీసి, బిగింపు క్లిప్పుకు తగిలించి, బరువంతా దాని మీద పడేట్టు కట్టాలి. గాజు పోగు ఉన్న భాగాన్ని వదులుగా ఇంట్లోకి తీసుకోవాలి. పని త్వరగా ముగించాలని మొత్తం తీగను కలిపి ఇనుప కొక్కేనికి చుట్టేస్తే, మొదటి ఏడాది గడిచిపోతుంది. తరువాత ఎండకు పైతొడుగు గట్టిపడి, గాలి లాగిన కొద్దీ మడత లోతవుతుంది. నాకు ప్రతి ఆషాఢంలోనూ వచ్చే పని ఇదే.

మేడ మీద నిలబడి తీగ ఎలా వచ్చిందో కళ్లతోనే చూడండి. చెట్టుకొమ్మను రాసుకుంటోందా, పిట్టగోడ దగ్గర దేనికి కట్టారు, కిటికీ రెక్క కింద నలుగుతోందా. స్తంభం వైపు మాత్రం చేయి పెట్టవద్దు, అక్కడే కరెంటు తీగలు కూడా ఉంటాయి. ఫైబర్ కొసను కంటికి ఎదురుగా పట్టుకోవద్దు. అందులో వచ్చే 1490 నానోమీటర్ల వెలుతురు కంటికి కనబడదు, కానీ కన్నుకు మంచిది కాదు. పచ్చ కనెక్టరును పీకి నీలం రంగుదానిలో పెట్టే ప్రయోగం కూడా చేయవద్దు. రెండింటి కొసల కోత వేరు.

ఈసారి ఫిర్యాదులో "పగలు గాలి వేళల్లో −28, ఉదయం −22" అని అంకెలతో రాయించి, ఫిర్యాదు సంఖ్య తీసుకోండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం ఆ సంఖ్య ఇవ్వడం సంస్థ బాధ్యత. పరిష్కారం నచ్చకపోతే అదే సంస్థలోని అప్పీలు అధికారికి రాసుకునేటప్పుడు అది అవసరమవుతుంది. మనిషిని మధ్యాహ్నమే పంపమని పట్టుబట్టండి. రాత్రి వచ్చి చూస్తే నాకైనా ఏమీ దొరకదు.

లెక్కల టీచర్, అనంతపురం
జూలై 24, సాయంత్రం 7.15

మీరు చెప్పినట్టే జరిగింది. స్తంభం నుంచి వేపచెట్టు కొమ్మల మీదుగా వచ్చిన తీగను, పిట్టగోడకు ఉన్న పందిరి కొక్కేనికి కట్టుడు తీగతో మూడు చుట్లు చుట్టి బిగించారు. ఫిర్యాదు సంఖ్య తీసుకున్న మూడో రోజున ఆపరేటరు మనిషి మధ్యాహ్నం రెండింటికి మీటరుతో వచ్చాడు. నేను కోరితే, ఆ కొక్కెం దగ్గర తీగను చేత్తో రెండు అంగుళాలు పైకెత్తాడు. మీటరులో −27.9 ఉన్నది −21.6కి వచ్చింది. వదిలేస్తే మళ్లీ పడిపోయింది. అతను ఇంకేమీ వాదించలేదు. స్తంభం నుంచి కొత్త తీగ లాగి, చెట్టుకు దూరంగా తెచ్చి, క్లిప్పుతో కట్టి వెళ్లాడు. అప్పటి నుంచి తొమ్మిది రోజులుగా ఉదయమైనా, గాలి వేళలోనైనా −21.4 కి, −21.6 కి మధ్యే ఉంది. ఒక్కసారి కూడా తెగలేదు. అమ్మాయి నిన్న రెండు గంటల సమావేశం మధ్యలో లేవకుండా ముగించింది.

ఒక చిన్న సందేహం మిగిలింది. వెనుక గదిలో వైఫై ఇంకా బలహీనంగానే ఉంది. మధ్యలో అడుగున్నర మందం రాతి గోడ ఉంది. దీనికి వేరే పెట్టె కొనాలా?

ల్యాబ్ నిర్వహణ, కర్నూలు
జూలై 24, రాత్రి 9.30

చాలా సంతోషమండీ. కొత్తది కొనవద్దు. 5 గిగాహెర్ట్జ్ పట్టీలో వేగం ఎక్కువే గానీ ఆ తరంగాలు అంత మందం గోడను సరిగా దాటలేవు. ఆ గదిలో 2.4 పట్టీకే కలపండి. అది కూడా చాలకపోతే ఫైబర్ పెట్టెను కదపకుండా, మీరు కొన్న వైఫై రౌటరును మాత్రం పొడవాటి ల్యాన్ తీగతో రెండు గదుల మధ్య వాకిలి దగ్గరికి మార్చండి. రూ. 2,400 వృథా పోయాయన్న బాధ కూడా కొంత తగ్గుతుంది.

లెక్కల టీచర్, అనంతపురం
జూలై 25, ఉదయం 6.10

ఆదివారం మారుస్తాము. కింది అంతస్తు వారి తీగ కూడా అదే కొక్కేనికి చుట్టి ఉంది. వారి అబ్బాయి కూడా నెట్ ఆగిపోతోందని కొత్త రౌటరు బేరం చేస్తున్నాడట. నిన్న రాత్రే వెళ్లి పట్టిక చూపించాను. వారు ఈ రోజు ఫిర్యాదు రాయిస్తున్నారు, మనిషిని మధ్యాహ్నమే పంపమని అడుగుతామన్నారు.