కాంట్రాక్టు కార్మికుల హాజరు, పీఎఫ్ బకాయి, పని అజమాయిషీ: సలహా కోరుతున్నాను

ప్రశ్న (పర్సనల్ విభాగం ఉద్యోగి, జడ్చర్ల)

సభ్యులందరికీ నమస్కారం. జడ్చర్ల ప్రాంతంలో మందుల కంపెనీలకు అట్టపెట్టెలు తయారు చేసి ఇచ్చే ఒక కర్మాగారంలో పర్సనల్ విభాగం బాధ్యతలు నాకు ఈ మధ్యనే అప్పగించారు. మా దగ్గర పర్మినెంటు కార్మికులు సుమారు 60 మంది ఉండగా, ముగ్గురు కాంట్రాక్టర్ల ద్వారా వచ్చేవారు సుమారు 140 మంది ఉన్నారు. వీరిలో ఎక్కువ మంది మిడ్జిల్, నవాబుపేట, బాలానగర్ వైపు ఊళ్ల నుంచి రోజూ వచ్చి పోయేవారు. మిగిలినవారు ఒడిశా, బీహార్ నుంచి వచ్చి ఇక్కడే అద్దె గదుల్లో ఉంటున్నారు.

నా ముందు మూడు చిక్కులు ఉన్నాయి. వరినాట్లు పడే రోజుల్లోనూ, పత్తి ఏరే రోజుల్లోనూ ముందుగా చెప్పకుండానే చాలామంది పనికి రావడం లేదు. నిరుడు మానుకొని వెళ్లిన ఒక కాంట్రాక్టర్ కొన్ని నెలల పీఎఫ్ కట్టలేదని ఇప్పుడు కార్మికులు మా గేటు దగ్గరకు వచ్చి అడుగుతున్నారు. ఆయన బిల్లులన్నీ చెల్లించాం కాబట్టి మాకు సంబంధం లేదని మా యాజమాన్యం అంటోంది. ఇక మా షిఫ్టు సూపర్‌వైజర్లు కాంట్రాక్టు కార్మికులకు నేరుగా పని చెప్పవచ్చా, చెబితే రేపు వాళ్లను మా ఉద్యోగులుగానే లెక్కిస్తారా అన్న భయం మూడోది. అనుభవజ్ఞులు దయచేసి దారి చూపగలరు.

సమాధానం (విశ్రాంత టైం ఆఫీసు అధికారి, నల్గొండ)

మీరు రెండోదిగా చెప్పినదే అన్నిటికంటే ముందు చూడవలసిన విషయం, ఎందుకంటే అందులో మీ యాజమాన్యం చెబుతున్న మాట చట్టం ముందు నిలవదు. పేరు కాంట్రాక్టర్ రిజిస్టరులో ఉన్నా, పని జరిగేది మీ ఆవరణలో, మీ అవసరం కోసం. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం, కాంట్రాక్టర్ వేతనం ఇవ్వకపోతే ప్రధాన యజమానే, అంటే పని చేయించుకునే కంపెనీయే ఇచ్చి, తర్వాత ఆయన నుంచి రాబట్టుకోవాలని చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్లలో కూడా ఈ బాధ్యత అలాగే ఉంది. పీఎఫ్, ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) విషయంలోనూ అంతే; కాంట్రాక్టర్‌కు బిల్లు చెల్లించాం అన్నది మీకూ ఆయనకూ మధ్య లెక్క మాత్రమే, కార్మికుడికి చెప్పవలసిన జవాబు కాదు.

కాబట్టి ముందుగా ఆ కార్మికులను గేటు బయట నిలబెట్టకుండా లోపలికి పిలిచి కూర్చోబెట్టి, ఒక్కొక్కరి యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడికి ఇచ్చే శాశ్వత సంఖ్య) నంబరు, పని చేసిన నెలలు రాసుకోండి. ఉమంగ్ యాప్‌లో వాళ్ల పాస్‌బుక్ తెరిపించి ఏ నెల జమ అయింది, ఏ నెల కాలేదు అన్నది వాళ్ల ఎదుటే గుర్తు పెట్టండి. ఆ జాబితాను మీ గేటు హాజరుతో సరిచూసి, పాత కాంట్రాక్టర్‌కు రాతపూర్వకంగా గడువు ఇవ్వండి. ఆయన డిపాజిట్టు ఏదైనా మీ దగ్గర ఉంటే దాన్ని విడుదల చేయకండి. గడువు దాటితే పీఎఫ్ కార్యాలయానికి మీరే స్వయంగా విషయం తెలియజేసి, బకాయి జమ చేసే పద్ధతి అడిగి కట్టేయండి. ఆలస్యమైన కొద్దీ వడ్డీ, నష్టపరిహారం పెరుగుతాయి. అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు బయటపడటం కంటే ఇదే మేలు.

దానితో పాటు ఒక్కో కార్మికుడి సర్వీసు ముగిసిన తేదీని పాత కాంట్రాక్టర్ నమోదు చేశాడా లేదా అన్నది కూడా చూడండి. అది లేకపోతే డబ్బు బదిలీ చేసుకోవడం దగ్గర పని ఆగిపోతుంది. చివరి జమ జరిగిన రెండు నెలల తర్వాత ఆ తేదీని కార్మికుడే పోర్టల్‌లో నమోదు చేసుకునే వీలు ఉంది కాబట్టి మీ ఆఫీసులో ఒక కుర్రవాడిని కూర్చోబెట్టి ఆ సాయం చేయించండి. కొత్త కాంట్రాక్టర్ వచ్చినప్పుడల్లా పాత యూఏఎన్ వదిలేసి కొత్తది తెరిచే దురలవాటు మన దగ్గర విపరీతంగా ఉంది. పింఛను రావాలంటే 10 సంవత్సరాల సర్వీసు ఉండాలి. రెండు మూడు నంబర్ల కింద చీలిపోయిన సర్వీసును కలుపుకోవడం తెలియక ఆ హక్కు పోగొట్టుకునేది చదువు రాని కార్మికుడే. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం.

ఇకముందు ఇలా జరగకుండా ఉండాలంటే, బిల్లు చెల్లించే పద్ధతిని మార్చాలి. చాలా కర్మాగారాల్లో కాంట్రాక్టర్ బిల్లుకు ఒక పీఎఫ్ చలానా జిరాక్సు జత చేస్తాడు, అకౌంట్సు వాళ్లు అది ఉందో లేదో మాత్రమే చూస్తారు. చలానాలో మొత్తం కనిపిస్తుంది గానీ మనుషులు కనిపించరు. అదే కాంట్రాక్టర్‌కు మరో రెండు కంపెనీల్లో పనులుంటే ఆ మొత్తం ఎవరిదో తెలియదు. మీరు అడగవలసింది పేర్లతో కూడిన ఈసీఆర్, అంటే ఎవరి పేరున ఎంత పీఎఫ్ జమ అయిందో చూపే నెలవారీ పత్రం. మీ గేటు హాజరు, కాంట్రాక్టర్ వేతనాల రిజిస్టరు, బ్యాంకు బదిలీ జాబితా, ఈసీఆర్, ఈఎస్ఐ జాబితా, ఈ ఐదింటిలోనూ ఒకే మనిషి, అవే పనిదినాలు ఉండాలి. గేటు దగ్గర 26 రోజులు ఉన్న మనిషికి ఈసీఆర్‌లో 14 రోజుల వేతనమే చూపించి ఉంటే, ఆ తేడా తేలే వరకు ఆ మనిషికి సంబంధించిన బిల్లు భాగం ఆపండి. పీఎఫ్, ఈఎస్ఐ రెండూ తర్వాతి నెల 15వ తేదీ లోపల కట్టవలసినవి కనుక, ఒక నెల బిల్లును దాని ముందు నెల జమలతో ముడిపెట్టడం సులువుగా సాగుతుంది.

సమాధానం (కాంట్రాక్టర్, మిర్యాలగూడ)

పెద్దలు చెప్పినదంతా నిజమే, కానీ కాంట్రాక్టర్ల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పడం అవసరమని రాస్తున్నాను. వేతనం తర్వాతి నెల 7వ తేదీ లోపల ఇవ్వాలి. కంపెనీలు మాత్రం మా బిల్లు రెండు మూడు నెలలకు చెల్లిస్తాయి. ఆ మధ్యకాలం మేము వడ్డీకి తెచ్చి వేతనాలు ఇస్తాము. చేతిలో డబ్బు లేనప్పుడు మొదట ఆగిపోయేది పీఎఫే, ఎందుకంటే అది వెంటనే ఎవరి కంటికీ కనిపించదు. బిల్లులో వేతనాల భాగాన్ని విడదీసి వారం లోపల చెల్లించి, మా కమీషన్ భాగాన్ని మాత్రం తనిఖీ అయ్యే దాకా ఆపితే, నిజాయతీగా చేసేవాడు బతుకుతాడు, కట్టనివాడు దొరికిపోతాడు.

అందరికంటే తక్కువ రేటు వేసినవాడికే పని ఇవ్వడం ఇంకో పెద్ద తప్పు. వేతనం 100 రూపాయలు అనుకుంటే, యజమాని వంతు పీఎఫ్ దాని ఖర్చులతో కలిపి 13, ఈఎస్ఐ 3.25, కనీస బోనస్ 8.33, ఇవే స్థూలంగా 24.58 రూపాయలు అవుతాయి. సెలవు వేతనం, యూనిఫారం, బూట్లు, నా మిగులు ఇంకా ఇందులో లేవు. 18 శాతం జీఎస్టీ వేరు. ఇంత ఉండగా ఒకడు వేతనం మీద 15 శాతానికే చేస్తానని కొటేషన్ ఇస్తే, మిగిలినది కార్మికుడి నోటి దగ్గర నుంచి తీయబోతున్నాడని అర్థం. ఆ కొటేషన్‌ను ఆమోదించిన రోజే మీకు బకాయి మొదలైనట్లు. కనీస వేతనం, చట్టబద్ధమైన చెల్లింపులు మార్చడానికి వీలులేనివిగా టెండరులోనే రాసి, మమ్మల్ని సేవా రుసుము మీద మాత్రమే పోటీ పడమనండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. బిల్లును విడదీసే సలహాను మా ఎండీ గారి ముందు పెడతాను. హాజరు విషయం కూడా ఎవరైనా చెప్పగలరా? రాని రోజుకు జరిమానా వేయాలని మా ప్రొడక్షన్ మేనేజర్ గారు పట్టుబడుతున్నారు. మా కాంట్రాక్టర్లలో ఒకాయన మేస్త్రీల ద్వారా అడ్వాన్సులు ఇచ్చి మనుషులను తెస్తున్నారని, కొందరి ఏటీఎం కార్డులు మేస్త్రీ దగ్గరే ఉంటున్నాయని కూడా నిన్ననే తెలిసింది.

సమాధానం (ప్లాంటు మానవ వనరుల అధికారిణి, కొత్తూరు)

ముందు ఏటీఎం కార్డుల సంగతి చూడండి సార్, అది రేపటికి వాయిదా వేయదగినది కాదు. పాలమూరు జిల్లాలో పుట్టిన వాళ్లకు గుంపు మేస్త్రీ అంటే ఏమిటో వివరించనక్కర్లేదు. అడ్వాన్సు ఇచ్చి, కుటుంబాలను ఊరు దాటించి, అప్పు తీరే దాకా ఆనకట్టల దగ్గర, కాలువల దగ్గర పని చేయించుకున్న పద్ధతిని మన తాతలు, తండ్రులు అనుభవించారు. అప్పు పేరుతో మనిషిని కదలకుండా పనికి కట్టేయడం 1976 చట్టం ప్రకారం వెట్టిచాకిరీ, అది నేరం. ఆ పద్ధతి మీ కర్మాగారం గేటు లోపలికి రావడాన్ని ఏ కారణంతోనూ ఒప్పుకోకండి. కార్డులు ఎవరివి వారికి మీ ఎదుటే ఇప్పించండి, పిన్ మార్పించండి, అడ్వాన్సుల జాబితా కాంట్రాక్టర్ నుంచి రాతలో తీసుకోండి, కార్మికుడి మాతృభాషలో అతనితో విడిగా మాట్లాడి ఆ జాబితా సరైనదో కాదో తెలుసుకోండి. ఒడియా వచ్చిన ఒక మనిషి మీ కర్మాగారంలోనే దొరుకుతాడు. మేస్త్రీని మాత్రం దుబాసీగా పెట్టుకోకండి.

హాజరుకు జరిమానా మందు కాదు. వానాకాలం నాట్లు జూలై, ఆగస్టు నెలల్లోనూ, వరికోతలు, పత్తి ఏరడం అక్టోబరు నుంచీ సాగుతాయని మనందరికీ తెలుసు. ఆ మధ్యలోనే బతుకమ్మ, దసరా, దీపావళి, తర్వాత కురుమూర్తి జాతర వస్తాయి. రెండెకరాల పొలం ఉన్న మనిషి మీ జరిమానాకు భయపడి సొంత పంటను వదిలి రాడు, పని మానేసి మరో కంపెనీకి వెళతాడు. ఇది ఏటా వచ్చేదే కనుక ఏటా ముందే లెక్క వేసుకోవాలి. మేము జూన్ మొదట్లోనే లైన్ల వారీగా కార్మికులను కూర్చోబెట్టి ఎవరికి ఏ వారం పొలం పని ఉందో అడిగి రాసుకుంటాము. ఒకే ఊరి వాళ్లందరినీ ఒకే లైన్లో పెట్టము, ఎందుకంటే ఆ ఊళ్లో చెరువు నిండి నాట్లు మొదలైతే ఆ లైను మొత్తం ఆగిపోతుంది. చెప్పి వెళ్లి చెప్పిన రోజుకు తిరిగి వచ్చినవారికి హాజరు అలవెన్సు కోత పెట్టము. ఈ ఒక్క మాటను సూపర్‌వైజర్లు నిలబెట్టుకుంటే, చెప్పకుండా మానేయడం చాలావరకు తగ్గుతుంది. కార్మికుడు అబద్ధం చెప్పేది నిజం చెబితే సెలవు దొరకనప్పుడే.

పండుగల ముందు ఆర్డర్లు పెరిగే మూడు నాలుగు నెలల కోసమైతే కాంట్రాక్టర్ ద్వారా కాకుండా కంపెనీయే నేరుగా నిర్ణీత కాలపు ఉద్యోగాలు ఇచ్చే మార్గాన్ని కూడా పరిశీలించండి. ఆ కాలానికి పర్మినెంటు వారితో సమానంగా వేతనం, సౌకర్యాలు ఇవ్వాలి; సంవత్సరం పూర్తయితే గ్రాట్యుటీ కూడా లెక్కకు వస్తుంది. ఖర్చు కాస్త పెరిగినట్లు కనిపిస్తుంది కానీ, అనుభవం ఉన్న మనిషి మళ్లీ సీజనుకు మీ దగ్గరికే వస్తాడు.

ఇంకొక విషయం మీరు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. ఈఎస్ఐ నమోదు కాని మనిషిని ఒక్క షిఫ్టుకైనా లోపలికి పంపకండి. జబ్బు సెలవు భత్యానికి కొంతకాలం చందా కట్టి ఉండాలి, కానీ పనిలో ప్రమాదం జరిగితే అంగవైకల్యపు భత్యం, మరణిస్తే కుటుంబానికి భత్యం మొదటి రోజు నుంచే వర్తిస్తాయి. గేటు రిజిస్టరు కూడా కేవలం వేతనాల కోసం కాదు. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక కర్మాగారంలో జరిగిన పేలుడు తర్వాత మృతులను గుర్తించడానికి డీఎన్ఏ పరీక్షలు చేయవలసి వచ్చింది, కుటుంబాలు రోజుల తరబడి ఎదురుచూశాయి. ఈ నిమిషంలో ఏ షెడ్డులో ఎవరెవరు ఉన్నారు అన్న జాబితా, వారి ఇంటి ఫోను నంబర్లతో సహా, గేటు బయట ఉన్న గదిలో కూడా ఒక ప్రతి ఉండాలి. అగ్నిమాపక శిక్షణ పర్మినెంటు వారికే ఇచ్చి ఊరుకోకండి. మహిళా కార్మికుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీకి కాంట్రాక్టు మహిళలు కూడా ఫిర్యాదు చేయవచ్చని 2013 చట్టం చెబుతోంది. ఆ సంగతి వాళ్లకు తెలిసేలా తెలుగులోనూ, హిందీలోనూ రాసి పెట్టండి.

సమాధానం (విశ్రాంత టైం ఆఫీసు అధికారి, నల్గొండ)

మీ మూడో ప్రశ్నకు జవాబు మిగిలింది. 2001లో స్టీల్ అథారిటీ (ప్రభుత్వ ఉక్కు సంస్థ) కేసులో సుప్రీంకోర్టు, కాంట్రాక్టు పద్ధతిని నిషేధించినంత మాత్రాన కార్మికులు తమంతట తామే కంపెనీ ఉద్యోగులు కారని చెబుతూనే, ఆ కాంట్రాక్టు కేవలం కాగితం మీది ముసుగు అని తేలితే మాత్రం వారిని కంపెనీ ఉద్యోగులుగానే చూడాలని స్పష్టం చేసింది. కాబట్టి ఈ పెట్టెలు ఆ ట్రక్కులోకి ఎక్కించండి అని మీ సూపర్‌వైజర్ చెప్పడం వల్ల ప్రమాదం ఏమీ లేదు. మనిషిని ఎంపిక చేయడం, సెలవు మంజూరు చేయడం, వేతనం నిర్ణయించడం, శిక్ష వేయడం, తీసివేయడం అన్నీ మీరే చేస్తూ, కాంట్రాక్టర్ నెలకొకసారి బిల్లుతో మాత్రమే కనిపిస్తుంటే అప్పుడు అది ముసుగే అవుతుంది. ప్రతి షిఫ్టులో కాంట్రాక్టర్ తరఫు సూపర్‌వైజర్ తప్పనిసరిగా ఉండాలని ఒప్పందంలో రాసి, మీ ఆదేశాలు ఆయన ద్వారా వెళ్లేలా చూడండి. కొత్తూరు సోదరి చెప్పిన సెలవుల జాబితాలో కూడా కాంట్రాక్టు వారి పేర్ల కింద కాంట్రాక్టర్ సంతకం ఉండాలి.

కాంట్రాక్టు వాళ్లను ఏ పనిలో పెట్టారన్నది కూడా చూసుకోవాలి. కొత్త కోడ్ ప్రకారం 50 మంది, అంతకు మించి కాంట్రాక్టు కార్మికులు ఉన్న చోట ముఖ్యమైన ఉత్పత్తి పనిలో వారిని పెట్టడంపై నిషేధం ఉంది. శుభ్రత, కాపలా, క్యాంటీన్, సరుకు ఎక్కించడం దించడం వంటివి ముఖ్యమైన పనుల కిందకు రావు, పని ఒక్కసారిగా పెరిగిన సందర్భానికి కూడా మినహాయింపు ఉంది. మీ 140 మందిలో ఎంతమంది అచ్చు యంత్రాల మీద, ఎంతమంది లోడింగులో ఉన్నారో ముందు విడదీసి రాసుకోండి. యంత్రాల మీద సంవత్సరాలుగా ఉన్నవారి విషయాన్ని కార్మిక శాఖ సహాయ కమిషనర్ కార్యాలయానికి రాతపూర్వకంగా రాసి, వచ్చిన జవాబును దస్త్రంలో ఉంచుకోండి.

ప్రశ్న అడిగినవారు

ఏటీఎం కార్డులు ఈ రోజు మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ తిరిగి ఇప్పించాము. అడ్వాన్సుల జాబితా సోమవారంలోగా ఇవ్వాలని కాంట్రాక్టర్‌కు లేఖ ఇచ్చాను. పీఎఫ్ కోసం వచ్చినవారి పేర్లు, యూఏఎన్ నంబర్లు రాయడం మొదలుపెట్టాము. పనుల విభజన పూర్తయ్యాక, అచ్చు యంత్రాల మీద ఉన్నవారి గురించి మళ్లీ ఇక్కడే అడుగుతాను.